హెచ్చుతగ్గులున్న ఎపిసోడ్‌ను సమీక్షించడం ఎలా: ‘కిల్ ద మూన్’ ఉదాహరణగా

తెలుగులో సినిమా సమీక్షలు చదివేవాళ్లందరికీ ఒక మూస కంఠతా వచ్చు. ముందు కథ, తర్వాత ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, తీర్పు, చివర ఐదుకు రెండున్నరో రెండుముప్పావో రేటింగ్. శుక్రవారం ఉదయం ఆట చూసి మధ్యాహ్నానికల్లా రాసి ఇవ్వవలసిన వాళ్లకు ఆ మూస అక్కరకు వస్తుంది, కాదనను. అయితే సగం గుండెను పట్టేసి, సగం తల పట్టుకునేలా చేసే సైన్స్ ఫిక్షన్ ఎపిసోడ్ ఒకటి ఎదురైనప్పుడు ఆ మూస పనిచేయదు. బాగున్నవాటిని ఒక గంపలో, బాగాలేనివాటిని మరో గంపలో వేసి తూకం వేస్తే, ఆ రెండూ ఒకే చెట్టు కాయలన్న సంగతి మరుగున పడిపోతుంది. అలాంటి ఎపిసోడ్ గురించి రాసేవారు మంచికీ చెడుకూ మధ్య అతుకు ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి, అది ఎందుకు పడిందో చెప్పాలి.

దీన్ని ఉత్తినే సిద్ధాంతంగా చెబితే గాలిలో మాటలవుతాయి కనుక ఒక నిజమైన ఎపిసోడ్‌ను ముందు పెట్టుకుందాం. బ్రిటన్‌లో బీబీసీ వన్ ఛానల్ 2014 అక్టోబర్ 4, శనివారం నాడు ప్రసారం చేసిన ‘కిల్ ద మూన్’ అది; డాక్టర్ అనే కాలయాత్రికుడి కథలు చెప్పే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’లోని ఎపిసోడ్. పీటర్ కపాల్డీ డాక్టర్‌గా నటించిన తొలి సీజన్‌లో, అంటే 2005లో సీరియల్ మళ్లీ మొదలైనప్పటి నుంచి వేసే కొత్త లెక్కన ఎనిమిదో సీజన్‌లో, పన్నెండు ఎపిసోడ్‌లకు గాను ఇది ఏడోది. రచన పీటర్ హార్నెస్, దర్శకత్వం పాల్ విల్మ్‌షర్స్ట్. ఆ సీరియల్ అభిమానులను దీని గురించి అడిగితే ఒకరు కళ్లు మెరిపిస్తారు, ఇంకొకరు నుదురు కొట్టుకుంటారు. నావరకు నేను ఒకే సాయంత్రం రెండూ చేశాను.

మొదటిసారి చూసేటప్పుడు కాగితం, కలం దగ్గర పెట్టుకోకూడదు. ఎక్కడ మీకు తెలియకుండానే నవ్వొచ్చిందో, ఎక్కడ చేయి ఫోన్ మీదికి పోయిందో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో, అవి మాత్రమే గుర్తుండనివ్వండి. రెండోసారి చూసేటప్పుడు సరిగ్గా ఆ చోట్ల ఆపి, అక్కడేం జరుగుతోందో రాసుకోండి. ‘కిల్ ద మూన్’ విషయంలో నా కాగితం మీద మూడే గుర్తులు మిగిలాయి: చంద్రుడి బరువు ఎంత పెరిగిందో డాక్టర్ చెప్పే చోట, భూమ్మీద దీపాలు ఆరిపోయే చోట, చివర డాక్టర్ కాలయంత్రమైన టార్డిస్ లోపల అతని సహప్రయాణికురాలు క్లారా అతని మీద విరుచుకుపడే చోట. నలభై అయిదు నిమిషాల ఎపిసోడ్‌కు మూడు గుర్తులు చాలు. ముప్పై గుర్తులు పెట్టుకున్న సమీక్షకుడు ముప్పై వాక్యాలు రాస్తాడు, వాటిని కలిపే దారం మాత్రం అతని చేతిలో ఉండదు.

కథ ఎంత చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. మీ వాదనకు అవసరమైనంత చెప్పాలి, అంతకు మించి ఒక్క మలుపు కూడా చెప్పనవసరం లేదు. ఈ ఎపిసోడ్ ముగింపు తెలియకుండా దాని గుణదోషాలను చర్చించడం కుదరదు కనుక, కథ మొత్తం బయటపెట్టబోతున్నామని మొదటి పేరాలోనే హెచ్చరించి పని మొదలుపెట్టవచ్చు. ఇక్కడ కథ స్థూలంగా ఇది. స్కూల్ టీచర్ క్లారా, ఆమె విద్యార్థిని కోర్ట్నీ, డాక్టర్ కలిసి 2049 నాటి చంద్రుడి మీదికి వెళతారు. అప్పటికే చంద్రుడి బరువు విపరీతంగా పెరిగి, భూమ్మీద సముద్రాలు పోటెత్తి, దాన్ని పేల్చివేయడానికి లండ్‌విక్ అనే కెప్టెన్ ఒక పాత షటిల్‌లో అణుబాంబులు వేసుకుని వచ్చి ఉంటుంది. సాలెపురుగుల్లాంటి జీవులు దాడి చేస్తాయి. చివరికి తేలేదేమిటంటే, చంద్రుడు ఒక గుడ్డు, లోపల పిల్ల కదులుతోంది. చంపాలా వద్దా అన్నది మీ మానవజాతి వ్యవహారం అని చెప్పి డాక్టర్ టార్డిస్ ఎక్కి వెళ్లిపోతాడు. ముగ్గురు ఆడవాళ్లు మిగులుతారు.

ఇక సైన్స్ సంగతి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నీలంరంగు పోలీసు పెట్టెలో కూర్చుని కాలంలో ప్రయాణించే మనిషి కథను అరవై ఏళ్లుగా నమ్ముతున్న ప్రేక్షకులు, చంద్రుడు గుడ్డు అనగానే ‘లాజిక్ లేదు’ అనడం న్యాయం కాదు. అలాగని సైన్స్ ఫిక్షన్‌లో ఏదైనా చెల్లుతుందనడమూ న్యాయం కాదు. నేను పాటించే కొలబద్ద ఒకటుంది. కథ తనంతట తాను లెక్క చెప్పనంతవరకు మనం లెక్క అడగకూడదు, లెక్క చెప్పిన క్షణం నుంచి సరిచూసే హక్కు మనకు వస్తుంది. టార్డిస్ ఎలా ఎగురుతుందో ఎవరూ కిలోల్లో చెప్పరు, కాబట్టి అడగం. కానీ ఈ ఎపిసోడ్‌లో చంద్రుడి బరువు 130 కోట్ల టన్నులు పెరిగిందని డాక్టరే అంకె ఇచ్చి మరీ చెబుతాడు.

అంకె ఇచ్చాడు కాబట్టి కాగితం తీయండి. చంద్రుడి ద్రవ్యరాశి టన్నుల్లో రాస్తే 73 పక్కన 18 సున్నాలు. దాన్ని 130 కోట్లతో భాగిస్తే, పెరిగిన బరువు చంద్రుడిలో దాదాపు 5,600 కోట్లలో ఒక వంతు. చంద్రుడి మీద గురుత్వం భూమి గురుత్వంలో ఆరో వంతు కనుక, ఎపిసోడ్‌లో చూపినట్టు అక్కడ మనుషులు మామూలుగా నడవాలంటే అదే పరిమాణంలో ఉన్న చంద్రుడి బరువు సుమారు ఆరు రెట్లు కావాలి. సముద్రాల సంగతి ఇంకా విచిత్రం. చంద్రుడి వల్ల మీటరు ఎత్తున వచ్చే పోటుకు ఈ కొత్త బరువు ఒక్క పరమాణువంత ఎత్తును కూడా అదనంగా చేర్చలేదు. ఇంతకీ గుడ్డు బరువు ఎలా పెరుగుతుంది? బయటి నుంచి లోపలికి ఏమీ చేరనప్పుడు పిల్ల పెరిగినా మొత్తం బరువు పెరగదు. పొదగడానికి పెట్టిన కోడిగుడ్డును మొదటిరోజూ ఇరవయ్యో రోజూ తూకం వేసి చూడండి. పెంకులోని సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరై పోవడం వల్ల దాని బరువు పదో వంతుకు పైగా తగ్గి ఉంటుంది. ఈ చిన్న సంగతి మా పెరట్లో కోళ్లు పెంచిన వాళ్లకు తెలుసు, ఆ కథ రాసిన వాళ్లకు తట్టలేదు.

ఇంత లెక్క వేశాక దాన్నంతా సమీక్షలో కుమ్మరించాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశను అదుపులో పెట్టుకోవాలి. లెక్క రెండు వాక్యాలకు మించకూడదు, ఎందుకంటే మూడో వాక్యం నుంచి పాఠకుడికి ఎపిసోడ్ కాకుండా మీ తెలివి కనిపించడం మొదలవుతుంది. పైగా అసలు ప్రశ్న లెక్క తప్పిందా అన్నది కాదు, అది తప్పడం వల్ల కథకు ఏం నష్టం జరిగిందన్నది. నా దృష్టిలో నష్టం పెద్దదే. తొలి సగమంతా ఏం జరుగుతోందో కనిపెట్టే కథగా, అంటే ఆధారాలు ఒక్కొక్కటే దొరుకుతూ పోయే కథగా నడుస్తుంది. డాక్టర్ యోయో ఆడించి గురుత్వాన్ని పరీక్షిస్తాడు, కోర్ట్నీ ఇంట్లో వాడే క్రిమిసంహారక స్ప్రే కొట్టగానే సాలెపురుగు చచ్చిపోతుంది, దాన్నిబట్టి అవి ఏదో మహాజీవి ఒంటి మీద పాకే సూక్ష్మక్రిములని డాక్టర్ ఊహిస్తాడు. ఆ స్ప్రే సంగతి ఎంత చక్కగా అల్లారో గమనించండి. వంటింటి వస్తువు, భయంకరమైన జీవి, ఆ రెంటినీ కలిపే ఒకే ఒక్క కారణం. అలా ఆధారాల మీద నమ్మకం పెట్టించిన కథే ముఖ్యమైన ఆధారం దగ్గర చేయిచ్చేస్తే, తర్వాత చెప్పబోయే పెద్ద మాటకు ప్రేక్షకుడు సిద్ధంగా ఉండడు.

ఎవరి పని ఎంతవరకు అన్నది విడదీయడం కూడా అవసరం. టీవీ ఎపిసోడ్‌కు రచయిత, దర్శకుడు, నటులు, సీజన్ మొత్తాన్ని నడిపే షోరన్నర్ వేరువేరుగా బాధ్యులు. ఇక్కడ షోరన్నర్ స్టీవెన్ మోఫట్. చంద్రుడి నేలగా స్పెయిన్‌కు చెందిన లాంజరోటే ద్వీపంలోని అగ్నిపర్వత భూమిని వాడుకున్నారు. ఆ నల్లటి బూడిద మేటలు, పైన చీకటి ఆకాశం, నడుస్తున్న నారింజరంగు స్పేస్‌సూట్లు, ఇవన్నీ చూసే కంటికి ఏ లోటూ రానివ్వవు. చీకటి స్థావరంలో సాలెగూళ్ల మధ్య జరిగే దాడి కూడా భయపెట్టవలసినంత భయపెడుతుంది. కాబట్టి దర్శకుణ్ణి మెచ్చుకుని, కథ మలుపును రచయితతో తేల్చుకోవచ్చు. ‘టీమ్ అందరూ కష్టపడ్డారు’ అన్న వాక్యం మాత్రం ఎన్నడూ రాయవద్దు. అందరూ కష్టపడతారు.

రెండో గుర్తు దగ్గరికి వద్దాం. ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూపకుండా రాసిన సమీక్షను పాఠకుడు నమ్మడు. అలా చూపడానికి ఎపిసోడ్‌లో అతుకు స్పష్టంగా బయటపడే సన్నివేశాన్నే ఎంచుకోవాలి. క్లారా చంద్రుడి మీద నుంచి భూమ్మీది మనుషులందరితో మాట్లాడుతుంది. ఈ ప్రాణిని చంపమంటే మీ దీపాలు ఆర్పండి, బతకనివ్వమంటే వెలిగించి ఉంచండి అని అడుగుతుంది. తర్వాత ఆ ముగ్గురూ కిటికీలోంచి భూమి వైపు చూస్తూ నిలబడతారు. దీపాలు ఒక్కో ప్రాంతంలో ఆరిపోతూ వచ్చి, చివరికి భూగోళమంతా నల్లగా మిగులుతుంది. ఒక్కరి ముఖంలోనూ మాట ఉండదు. తీర్పు వచ్చేసింది, చంపమనే. లండ్‌విక్ సిద్ధపడుతుంది. చివరి క్షణంలో క్లారా ఆ తీర్పును కాదని పేలుడును ఆపేస్తుంది.

ఈ సన్నివేశాన్ని ఎగతాళి చేయడం తేలిక. పగలున్న సగం భూమి ఏ దీపం ఆర్పుతుంది? వీధి దీపాలూ నగరాల వెలుగులూ ఇంటింటి స్విచ్చుతో ఆరేవి కావు కదా, అలాంటప్పుడు ఓటు జనానిదా, కరెంటు సరఫరా చేసే అధికారులదా? ఈ ప్రశ్నలన్నీ నిజమైనవే. అయినా నేను వీటిని రెండో వరుసలోనే ఉంచుతాను. మొదటి వరుసలో పెట్టవలసిన ప్రశ్న వేరు. అంతమందిని అడిగి, అంతమంది చెప్పినదాన్ని కాదన్న మనిషి గురించి ఎపిసోడ్ ఏమనుకుంటోంది? ఆమెను మెచ్చుకుంటోందా, ఆమె చేసిన పనికి జంకుతోందా? సినిమాల్లో ఒక హీరో ఊరందరి మాటనూ కాదని తనకు తోచింది చేయడం మనకు కొత్త కాదు, అప్పుడు వెనక నుంచి సంగీతం ఎగసిపడుతుంది కాబట్టి ఎవరి పక్షమో తెలిసిపోతుంది. ఇక్కడ అలా తెలియదు. ఆ తెలియకపోవడం ఎపిసోడ్‌కు బలం కావలసింది.

బలం కాకుండా పోవడానికి కారణం ఆ తర్వాతి రెండు నిమిషాలు. డాక్టర్ తిరిగి వచ్చి వాళ్లను భూమ్మీద ఒక సముద్రతీరానికి తీసుకువెళతాడు. ఆకాశంలో చంద్రుడు పగిలి, రెక్కల ప్రాణి బయటికి వస్తుంది, ఎవరికీ ఏ హానీ జరగదు, అది ఎగిరిపోతూ అంతే పరిమాణంలో ఉన్న మరో గుడ్డును అక్కడే పెట్టి పోతుంది. గుడ్డు ముందా, కోడి ముందా అన్న ప్రశ్నకు ఇంత తొందరగా జవాబు చెప్పిన కథ నాకు ఇంకొకటి ఎదురుపడలేదు. పుట్టిన నిమిషంలోనే తనంత గుడ్డు పెట్టడంలోని వింతను క్షమించవచ్చు. క్షమించలేనిది, ప్రాణిని బతికిస్తే చంద్రుడు లేకుండా పోతాడన్న భయాన్ని ఆ కొత్త గుడ్డు తుడిచేయడం. కష్టమైన నిర్ణయం అని అరగంట చెప్పి, చివరికి ఏ నష్టమూ లేని నిర్ణయంగా తేల్చారు.

ఈ చోట కొందరు ప్రేక్షకులు, ముఖ్యంగా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ, ఎపిసోడ్ గర్భస్రావం గురించి మాట్లాడుతోందని అర్థం చేసుకున్నారు. పుట్టని ప్రాణి ఒకటి, నిర్ణయించవలసినవాళ్లు ముగ్గురూ ఆడవాళ్లు కావడం, ఇది మీ నిర్ణయం అంటూ మగవాడు పక్కకు తప్పుకోవడం, ఇవన్నీ ఆ ఆలోచనకు ఊతమిస్తాయి. ఇలాంటి భాష్యం గురించి రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. రచయిత మనసులో అది ఉందని మీరు తేల్చి చెప్పకూడదు, తెర మీద ఏముందో చూపి ఆగిపోవాలి. అలాగే పొసగని అంశాలనూ అంతే నిజాయితీగా పెట్టాలి. ఆ ప్రాణి ఎవరి ఒంట్లోనూ లేదు, దాని గురించి ఓటు వేసింది భూమండలమంతా. ఈ పోలిక ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ తెగిపోయిందో చూపగలిగితే పాఠకుడు తన నిర్ణయానికి తాను వస్తాడు.

మూడో గుర్తు, చివరి గొడవ. క్లారాగా వేసిన జెన్నా కోల్మన్ నటనలో ఈ సీజన్ మొత్తంలో నాకు బాగా గుర్తున్న సన్నివేశం ఇదే. తాను వెళ్లిపోవడం క్లారా మీద గౌరవంతో చేసిన పనని డాక్టర్ నమ్ముతాడు. క్లారాకు అది తనను నట్టేట వదిలేయడంలా కనిపిస్తుంది. కళ్లలో నీళ్లతో, గొంతు పైకి లేస్తూ, మళ్లీ రావద్దని చెప్పి బయటికి నడుస్తుంది. కపాల్డీ ఆ సేపంతా తనేం తప్పు చేశాడో నిజంగానే అర్థంకాని మనిషిలా నిలబడతాడు. సాధారణంగా చిరాకుపడే ముసలితనాన్ని చూపే నటుడు ఇక్కడ ఆ చిరాకును పూర్తిగా పక్కన పెట్టేయడం గమనించదగ్గది. ఈ సన్నివేశం గురించి రాసేటప్పుడు ఇదే సీజన్ రెండో ఎపిసోడ్‌లో తాను మంచివాడినేనా అని డాక్టర్ క్లారాను అడిగిన సంగతి కూడా గుర్తు చేయాలి. అప్పుడు ఆమె దగ్గర స్పష్టమైన జవాబు లేదు. ఇప్పుడు ఆమె కోపంలో ఒక జవాబు వినబడుతుంది. ఒక ఎపిసోడ్‌ను విడిగా చూసి, సీజన్‌లో అది ఎక్కడ కూర్చుందో చెప్పకపోతే సీరియల్ సమీక్ష సగమే అవుతుంది.

ఇప్పుడు రాయడం. మీ మొదటి ప్రతిలో ఇలాంటి వాక్యం ఒకటి ఖాయంగా ఉంటుంది: ‘సైన్స్ పరంగా లాజిక్ లేదు, కానీ క్లారా నటన ఎపిసోడ్‌ను నిలబెట్టింది.’ ఆ ‘కానీ’ని కొట్టేసి, దాని చోట ‘కాబట్టి’ పెట్టి చూడండి. వాక్యం వెంటనే నిలబడదు, దాన్ని నిలబెట్టడానికి మీరు ఆలోచించవలసి వస్తుంది. ఆలోచిస్తే ఇలాంటిదేదో వస్తుంది: ‘క్లారాను ఒంటరిగా నిలబెట్టి నిర్ణయం తీసుకోమనాలి, కాబట్టి రచయిత చంద్రుణ్ణి గుడ్డు చేశాడు; ఆ నిర్ణయానికి ఎవరూ ఏమీ పోగొట్టుకోకూడదు, కాబట్టి మరో గుడ్డు పెట్టించాడు; మొదటిదాన్ని నేను క్షమిస్తాను, రెండోదాన్ని క్షమించలేను; క్లారా కూడా క్షమించలేదు, కాబట్టి చివరి గొడవ అంత నిజంగా వినిపిస్తుంది.’ అతుకు ఇక్కడ దొరికింది. క్లారా కోపం డాక్టర్ మీదిదే అయినా, చేతులు కట్టేసి పరీక్ష పెట్టిన ఆ కథ మీదిది కూడా. ఎపిసోడ్‌లో చెడ్డ భాగం లేకపోతే మంచి భాగానికి అంత కసి ఉండేది కాదు. ఇంతకంటే భిన్నమైన అతుకు మీకు కనిపించవచ్చు, కనిపిస్తే దాన్నే రాయండి.

రేటింగ్ ఇవ్వక తప్పని చోట రాస్తున్నట్టయితే సగటు వేయకండి. తొమ్మిదికీ రెండుకూ సగటు అయిదున్నర. విసుగుపుట్టించే మామూలు ఎపిసోడ్‌కు కూడా అయిదున్నరే వస్తుంది, ఆ రెండూ ఒకటి కావు. చివరి పది నిమిషాలకు ఇంత, మొదటి ముప్పై అయిదు నిమిషాలకు ఇంత అని విడివిడిగా ఇచ్చి, చూడమంటారా వద్దంటారా అన్నది ఒక వాక్యంలో చెప్పేయండి. నేనైతే చూడమంటాను, అంతకు ముందరి ఎపిసోడ్‌లు కనీసం రెండు మూడు చూశాకే చూడమంటాను.

పేర్లు తెలుగులో రాసేటప్పుడు మొదట ఎలా రాస్తే చివరిదాకా అలాగే రాయాలి. డాక్టర్‌ను ఒకచోట ‘ఆయన’, మరోచోట ‘అతను’ అనకూడదు. సంభాషణలను అనువదించి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టేముందు ఆ చోటికి వెళ్లి మరోసారి వినాలి, వినలేకపోతే సారాంశం చెప్పి ఊరుకోవాలి. పంపేముందు సున్నాలు లెక్కపెట్టుకోవడం మరవకండి. ఈ ఎపిసోడ్ గురించి నేను మొదటిసారి రాసినప్పుడు 5,600 కోట్లకు బదులు 560 కోట్లని వేశాను. చంద్రుడి బరువు లెక్క తప్పిందని రచయితను రెండు పేరాల నిండా తిట్టిన సమీక్ష అది. భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకడు చదివి, నా ప్రతి మీద ఎర్ర సిరాతో ఒకే ఒక్క సున్నా చుట్టి తిరిగి పంపాడు.